అర ఓమ్

ఎనిమిదో తరగతిల సారు బోర్డు మీద
"నిరోధం" అని రాయంగనే
వెనక బెంచీ అంతా పకపకా నవ్వింది.
ఆ నవ్వుల నేనూ ఉన్న.
పాఠం అందులనే మునిగిపోయింది.
పీరియడంతా మోకాళ్ల మీద నిలబడ్డందుకు
చిప్ప మీద నల్లటి మచ్చ ఒకటి మిగిలింది.

పదహారేండ్ల తర్వాత, కోఠీ గుజరాతీ గల్లీల
ఖుద్దూస్ సాబ్ ఆంప్లిఫయర్ల దుకాణం ముందు
కుంటి స్టూలు మీద కూర్చొని
అదే మాట మళ్ల నేర్చుకుంటున్న.
ఈసారి నవ్వేటందుకు ఎవ్వరూ లేరు.

సంగతేందంటే, సిగరెట్టు మానాలె.
రోజుకు పద్నాలుగు. మెట్రో మెట్లెక్కితే
రొమ్ముల పాత టేబుల్ ఫ్యాను తిరుగుతది.
ఆవిరి పీల్చే మిషను అమ్మకం బంద్.
దొంగచాటుగ అడిగితే మూడు వేలంటున్నరు.
మూడు వేలకు నా బండి రెండు వారాలు పెట్రోలు తాగుతది.
చచ్చిన లాప్‌టాప్‌లకెల్లి తీసిన సెల్లు,
జానెడు నైక్రోమ్ తీగ, చిటికెడు దూది.
"నేనే చేసుకుంట సాబ్" అన్న.
ఆయన అద్దాలు నుదుటి మీదికి జరిపి
"పహ్లే లెక్క. తర్వాత పొగ" అన్నడు.

"మీ ఇంటి మీద నల్ల ట్యాంకు ఉన్నదా?
అదెంత ఎత్తుల ఉంటే అంత వోల్టు.
పైపులకెల్లి ఉరికే నీళ్లు కరెంటు.
పైపు ఎంత సన్నగుంటే అంత..."
ఆగి నా మొఖం చూసిండు.
"నిరోధం" అన్న, మెల్లగ.
కింది పోర్షన్ సుగుణక్క నల్లా తిప్పితే
పైన మా నల్లా దగ్గుతది.
ఎన్నేండ్ల సంది ఓమ్ సూత్రం కింద తలకాయ పెట్టి
తానం చేస్తున్ననో!

స్క్రూడ్రైవర్ కడ్డీకి ఆరు చుట్లు తిప్పిన.
మా తాత కాల్చిందీ చుట్టే,
నేను చుట్టిందీ చుట్టే.
మీటరు అర ఓమ్ చూపించింది.
నాలుగు పాయింట్ రెండును అరతోని భాగిస్తే
ఎనిమిది పాయింట్ నాలుగు.
ఎనిమిది ఆంపియర్లు! పొంగిపోయిన.
ఆయన సెల్లును అరచేతుల పండబెట్టి
"ముసల్ది రా ఇది. కూసొని బతికింది.
ఐదు మించి అడిగితే నీ జేబులనే పేలుతది" అన్నడు.
మూలకున్న ఇసుక బకెట్టు చూపించిండు.
సగం పూడిన సెల్లు ఒకటి, ఉబ్బి, నల్లబడి.
ఎవరి తొందరనో.

మళ్ల మొదటికెల్లి. తీగ రెట్టింపు. పన్నెండు చుట్లు.
ఓమ్ ఒకటి. ఆంపియర్లు నాలుగు, మీద చిల్లర.
పదిహేడు వాట్లంటే
మా వంటింటి బల్బులు రెండు.

సాబ్ గిరాకీతోని బేరమాడుతుంటే
మీటరు మొనలు రెండు చేతుల పట్టుకున్న.
పద్దెనిమిది లక్షల ఓములు.
నేనింత మొండోణ్ణా?
నాలుకతో వేళ్లు తడిపి పట్టుకుంటే
రెండు లక్షలకు దిగింది.
"తడిస్తే అందరూ అంతే" అన్నడాయన,
ఇటు చూడకుంటనే, చాయ్ ఊదుకుంట.

ఏడింటికి గల్లీ అంతా కరెంటు పోయింది.
ఒకటెనుక ఒకటి షట్టర్లు పడుతున్నయ్.
దూది ఇంకా పెట్టలే. ఊకెనే బటన్ నొక్కిన.
చుట్ట నడుమ మొదలై, రెండు దిక్కులకు
కుంకుమ పాకింది.
పొగ లేదు. వాసన లేదు.
ఆ ఎరుపుల సాబ్ గడ్డం,
టంకం మచ్చలు పడ్డ వేళ్లు,
గోడ పొడుగూతా మాట పడిపోయిన స్పీకర్ల నోళ్లు.
"షాబాష్" అన్నడు.
అని, చెవి మీది బీడీ తీసి
కొంచెం వంగి, నా చుట్టకు ఆనించి
ముట్టించుకున్నడు.

నా జేబుల పద్నాలుగోది అట్లనే ఉన్నది.
బటన్ మీదికెల్లి వేలు
ఇంకా తియ్యలే.